ఖాళీ కొండల్లో కిక్కిరిసిన దారి

స్కాట్లాండ్ ఉత్తర తీరాన్ని చుట్టివచ్చే 830 కి.మీ. రహదారికి ప్రపంచఖ్యాతి దక్కింది. ఆ అందానికి ఒకప్పుడు మూల్యం చెల్లించిందెవరు, ఇప్పుడు చెల్లిస్తున్నదెవరు?

రోడ్డు కొత్తది కాదు, పేరే కొత్తది. ఇన్వర్నెస్ కోట దగ్గర మొదలై, పడమటి తీరం వెంట ఉత్తరానికి ఎగబాకి, బ్రిటన్ ప్రధాన భూభాగపు నెత్తి మీదుగా తూర్పుకు తిరిగి, మళ్లీ ఇన్వర్నెస్ చేరే దారులన్నీ దశాబ్దాలుగా ఉన్నవే. పోస్టు వ్యాను, బడి బస్సు, గొర్రెల లారీ తిరిగే మామూలు దారులవి. 2015లో వాటన్నిటినీ ఒకే పటం మీద కలిపి 'నార్త్ కోస్ట్ 500' అని నామకరణం చేశారు. మొత్తం 516 మైళ్లు. దీని వెనక ఉన్నది నార్త్ హైలాండ్ ఇనిషియేటివ్ అనే సంస్థ. ఛార్లెస్ యువరాజుగా ఉన్న రోజుల్లో, 2005లో దాన్ని నెలకొల్పారు. పర్యాటకులు ఎడిన్‌బరో, స్కై దీవి చూసుకుని వెనక్కి మళ్లుతున్నారని, వాళ్లను ఇంకాస్త పైకి రప్పిస్తే మారుమూల ఊళ్లలో నాలుగు డబ్బులు తిరుగుతాయని వారి ఆలోచన. ఒక్క మైలు కొత్త రోడ్డు వేయలేదు. పటం, పేరు, ప్రచారం. అంతే.

అది ఫలించింది. ఎంతగా అంటే, పదేళ్లు తిరక్కుండానే కథ అడ్డం తిరిగింది. ప్రపంచంలోని గొప్ప రోడ్డు యాత్రల జాబితాల్లో ఏటా చోటు సంపాదించిన ఈ దారి, ఫోడర్స్ అనే ప్రసిద్ధ ప్రయాణ మార్గదర్శక సంస్థ 2025 కోసం ప్రకటించిన 'వెళ్లే ముందు ఆలోచించండి' తరహా జాబితాలోకీ ఎక్కింది. రద్దీ భారం మోయలేక అవస్థ పడుతున్న చోట్లలో ఇదొకటని ఆ సంస్థ చెప్పింది.

ఒక కారు వెడల్పు

అసలు ఏముంది ఆ దారిలో? పడమటి తీరాన మొదట ఎదురయ్యేది బెలాఖ్ నా బా. గేలిక్ భాషలో 'పశువుల కనుమ' అని అర్థం. సముద్ర మట్టం నుంచి ఒక్క బిగిని 626 మీటర్ల ఎత్తుకు ఎక్కే కొండదారి. తిరుమలలో ఎక్కడానికో దారి, దిగడానికో దారి ఉంటాయి. ఇక్కడ రెండింటికీ ఒకటే, అదీ ఒక్క కారు వెడల్పు. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంటున్నవారు, పెద్ద వాహనాలు, కారవాన్లు రావద్దని కనుమ మొదట్లోనే బోర్డు ఉంటుంది. ఎక్కినవారికి మాత్రం ఎదురుగా సముద్రం, దాని అవతల రాసే దీవి, వెనక స్కై కొండలు. కిందికి దిగితే యాపిల్‌క్రాస్ అనే చిన్న ఊరు. 1970లలో షీల్డేగ్ నుంచి తీరం వెంట మరో రోడ్డు పూర్తయ్యేదాకా ఆ ఊరికి బయటి ప్రపంచంతో ఉన్న రోడ్డు సంబంధం ఈ కనుమే. మంచు పడితే అదీ తెగిపోయేది.

అక్కడి నుంచి టోరిడన్ కొండలు, గెయిర్‌లాఖ్ ఇసుక తీరాలు, ఉల్లాపూల్ రేవు. ఆపైన అసింట్ ప్రాంతం. చదునైన బండనేల మీద ఒక్కో కొండ విడివిడిగా, ఎవరో తెచ్చి నిలబెట్టినట్టు ఉంటుంది. ఆ బండ వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలు. కైల్‌స్కూ దగ్గర సముద్రపు పాయ మీద వంపు తిరిగిన వంతెన 1984లో వచ్చింది. అంతకుముందు పడవ మీద కారు దాటించాలి, లేదా 100 మైళ్ల చుట్టు తిరగాలి. ఉత్తర తీరంలో డర్నెస్, దాని పక్కన సముద్రమూ వాగూ కలిసి తొలిచిన స్మూ గుహ. కొసకు చేరాక చాలామంది జాన్ ఓ గ్రోట్స్ స్తంభం దగ్గర ఫొటో దిగి, బ్రిటన్ ఉత్తరపు కొసన నిలబడ్డామనుకుంటారు. నిజానికి ప్రధాన భూభాగపు ఉత్తరాగ్రం దానికి పడమరగా ఉన్న డనెట్ హెడ్. 2024 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా పొందిన 'ఫ్లో కంట్రీ' కూడా ఈ ప్రాంతంలోనే ఉంది. చూపు ఆనినంత మేర చిత్తడి. వేల ఏళ్లుగా నాచు కుళ్లి పేరుకున్న పీట్ నేల అది. సుమారు 40 కోట్ల టన్నుల కర్బనం అందులో నిక్షిప్తమై ఉందని అంచనా.

ఈ దారిలో చాలా భాగం ఒంటి వరస రోడ్డు. కొంత దూరానికొకటి 'పాసింగ్ ప్లేస్' అనే బోర్డుతో కాస్త ఉబ్బెత్తు స్థలం ఉంటుంది. ఎదురుగా బండి వస్తే, ఎవరికి అది దగ్గరైతే వారు అక్కడ ఆగి దారి ఇవ్వాలి. వెనక నుంచి వచ్చేవాడు తొందరలో ఉంటే వాడికీ దారి ఇవ్వాలి. చట్టం కన్నా మర్యాద మీద నడిచే ఏర్పాటు ఇది. దారి ఇచ్చినవారికి చెయ్యెత్తి కృతజ్ఞత చెప్పడం రివాజు. కొత్తవారికి ఇది ఎంత కష్టమో 1969లోనే లోకానికి తెలిసింది. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ చిన్నప్పుడు సెలవులు గడిపిన డర్నెస్‌ను చూపించడానికి యోకో ఓనోను, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చారు. ఒంటి వరస రోడ్డు మీద కారు అదుపు తప్పి పక్కకు దూసుకుపోయింది. గాయాలకు కుట్లు వేయించుకుని, గోల్స్‌పీ ఆస్పత్రిలో కొన్ని రోజులు ఉండాల్సి వచ్చింది.

మన జాడలు

భారతీయులకు స్కాట్లాండ్ కొండలను పరిచయం చేసింది చాలావరకు సినిమాయే. 1998 నాటి 'కుఛ్ కుఛ్ హోతా హై' టైటిల్ పాటలో కనిపించే నీటి నడుమ కోట ఐలాన్ డోనన్. ఈ వలయానికి కాస్త దక్షిణాన ఉంది. కానీ అంతకన్నా పాత బంధాలు దారి పొడవునా ఉన్నాయి. అవి పర్యాటక కరపత్రాల్లో కనిపించవు.

ఉల్లాపూల్ రేవు నుంచి లూయిస్ దీవిలోని స్టోర్నోవేకు ఓడ వెళుతుంది. రెండున్నర గంటలు దాటిన ప్రయాణం. 1750లలో ఆ స్టోర్నోవేలో పుట్టినవాడే కోలిన్ మెకంజీ. 1783లో మద్రాసు చేరి, సైన్యంలో ఇంజినీరుగా పనిచేసి, 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యారు. ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో ఆయన సేకరించిన గ్రామ చరిత్రలే మనం 'మెకంజీ కైఫియత్తులు' అంటున్నవి. తెలుగు పల్లెల చరిత్ర రాయాలంటే ఇప్పటికీ వాటిని తిరగేయక తప్పదు. మన ఊళ్ల జ్ఞాపకాలను పోగుచేసిన మనిషి సొంత గడ్డ మీద, ఆయన పోయిన కొన్ని దశాబ్దాలకే జనాన్ని ఓడలెక్కించి కెనడా పంపేయడం చరిత్రలోని వైచిత్రి. 1844లో లూయిస్ దీవిని కొన్నది జేమ్స్ మాథీసన్. జార్డిన్ మాథీసన్ కంపెనీ భాగస్వామి. ఆ డబ్బులో పెద్ద వాటా బీహార్, మాల్వా నల్లమందును చైనాకు చేరవేసి సంపాదించినది. మాథీసన్ పుట్టింది ఈ వలయం నడుమ ఉన్న లేర్గ్‌లో.

తూర్పు తీరం వెంట తిరిగి వస్తుంటే ఆల్నెస్ దగ్గర ఫైరిష్ కొండ మీద రాతి స్తంభాలు, వాటి మీద కమానులు కనిపిస్తాయి. అవి నాగపట్నం కోట ద్వారానికి నమూనా అంటారు. 1781లో డచ్చివారి నుంచి నాగపట్నాన్ని పట్టుకున్న హెక్టర్ మన్రో వాటిని కట్టించాడు. బక్సర్ యుద్ధం గెలిచిందీ, పొల్లిలూరు వేళ బెయిలీ దళాన్ని ఆదుకోలేకపోయిందీ ఇతడే. రాయలసీమ జనం తలచుకునే కలెక్టర్ థామస్ మన్రో వేరు. ఆయనది గ్లాస్గో. చుట్టుపక్కల పేదలకు పని కల్పించడానికే హెక్టర్ ఈ కట్టడం తలపెట్టాడని స్థానికులు చెబుతారు. ఇంతకీ వారికి పని ఎందుకు లేకపోయింది? ఆ ప్రశ్నకు జవాబు ఈ దారి అందంలోనే ఉంది.

ఖాళీ ఎలా వచ్చింది?

హైలాండ్ కౌన్సిల్ పరిధి 25 వేల చదరపు కి.మీ. పైచిలుకు. స్కాట్లాండ్ విస్తీర్ణంలో దాదాపు మూడో వంతు. అందులో ఉండేది సుమారు 2.35 లక్షల మంది. చదరపు కిలోమీటరుకు తొమ్మిది మంది అన్నమాట. 2011 లెక్కల ప్రకారం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఆ సంఖ్య 300 దాటింది. మైళ్ల తరబడి ఇల్లు కనిపించని ఈ లోయలను చూసి 'ప్రకృతి ఒడి' అని మురిసిపోతారు సందర్శకులు. కానీ ఆ ఖాళీలో సింహభాగం మనుషులు చేసినదే.

18వ శతాబ్దం చివర నుంచి 19వ శతాబ్దం మధ్య దాకా హైలాండ్స్ భూస్వాములు తమ ఎస్టేట్లలోని కౌలుదార్లను ఖాళీ చేయించి గొర్రెల మేతకు భూమి ఇచ్చారు. ఉన్నికి మంచి ధర పలుకుతున్న కాలం. మనుషుల కన్నా గొర్రెల మీద వచ్చే శిస్తే ఎక్కువ. చరిత్రలో దీని పేరు 'క్లియరెన్సెస్'. వీటిలో అన్నిటికన్నా అపఖ్యాతి మూటగట్టుకున్నది సదర్లాండ్ ఎస్టేటు. ఉత్తర తీరానికి దిగే స్ట్రాత్‌నేవర్ లోయలో 1814, 1819లలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. మళ్లీ వచ్చి కాపురం పెట్టకుండా ఇళ్ల కప్పులకు నిప్పు పెట్టారు. ఎస్టేటు మేనేజరు పాట్రిక్ సెల్లర్ మీద ఒక వృద్ధురాలి మరణానికి కారకుడన్న అభియోగంతో 1816లో ఇన్వర్నెస్‌లో విచారణ జరిగింది. జ్యూరీలో భూస్వాములే ఎక్కువ. ఆయన నిర్దోషిగా బయటపడ్డారు.

లోయల్లోంచి గెంటేసిన జనానికి తీరంలో రాతి నేల చిన్న చిన్న ముక్కలుగా ఇచ్చారు. ఆ భూమి మీద బతకలేక చేపలు పడతారని, ఆ పరిశ్రమా ఎస్టేటుకు లాభం తెస్తుందని లెక్క. చాలామంది అమెరికా, కెనడా ఓడలెక్కారు. ఇవాళ నార్త్ కోస్ట్ 500 మీద సముద్రం వారగా కనిపించే తెల్లటి చిన్న ఇళ్ల వరసలు అలా పుట్టినవే. వాటిలో ఒకటైన బెట్టీహిల్ పేరు, ఖాళీ చేయించిన ఎస్టేటు యజమానురాలు ఎలిజబెత్ కౌంటెస్ పేరు మీదే వచ్చిందంటారు. హెల్మ్స్‌డేల్‌కు ఉత్తరాన బాడ్‌బే అనే పాడుబడిన ఊరి గోడలు కొండచరియ అంచున ఇప్పటికీ ఉన్నాయి. గాలికి కొట్టుకుపోయి సముద్రంలో పడకుండా అక్కడ పశువులతోపాటు పిల్లలనూ తాళ్లతో కట్టి ఉంచేవారని చెబుతారు. అక్కడికి దక్షిణంగా కాస్త దూరం వెళితే గోల్స్‌పీ కొండ మీద మొదటి సదర్లాండ్ డ్యూక్ విగ్రహం. పీఠంతో కలిపి 30 మీటర్లు. దాన్ని కూల్చాలన్న డిమాండూ, చరిత్రకు సాక్ష్యంగా ఉంచాలన్న వాదనా రెండూ ఉన్నాయి.

ఈ కథకు మరో అధ్యాయమూ ఉంది. 1880లలో క్రాఫ్టర్లు, అంటే చిన్న కమతాల కౌలు రైతులు, తిరగబడ్డారు. 1886 చట్టంతో కౌలు భద్రత సంపాదించారు. 1993లో అసింట్ క్రాఫ్టర్లు చందాలు పోగుచేసి, తాము దున్నుతున్న 21 వేల ఎకరాల ఎస్టేటును మూడు లక్షల పౌండ్లకు కొనేశారు. గ్రామ సమాజాలు భూమి కొనుక్కునే హక్కును 2003 నాటి భూసంస్కరణల చట్టం గుర్తించింది. అయినా స్కాట్లాండ్‌లో భూమి ఇప్పటికీ కొద్దిమంది చేతుల్లోనే ఉంది. అక్కడ అందరికన్నా ఎక్కువ ప్రైవేటు భూమి ఉన్నది డెన్మార్క్ వస్త్ర వ్యాపారి అండర్స్ హోల్ఖ్ పోవ్‌ల్సెన్‌కు. రెండు లక్షల ఎకరాల పైమాటే. అడవులను తిరిగి పెంచుతానన్నది ఆయన సంకల్పం. సంకల్పం మంచిదే కావచ్చు. కానీ లోయ ఎలా ఉండాలో నిర్ణయించేది అక్కడి జనమా, దాన్ని కొన్నవారా అన్న పాత ప్రశ్న అలాగే ఉంది.

రోడ్డు ఎవరిది?

ఇప్పుడు అదే ప్రశ్న తారు రోడ్డు మీదికి వచ్చింది. వేసవిలో క్యాంపర్ వ్యాన్ల బారులు పాసింగ్ ప్లేస్‌లను ఆక్రమిస్తున్నాయి. కొందరు అక్కడే రాత్రి పడుకుంటారు. ఎదురు బండి తప్పుకునే చోటు లేక వెనక్కి, వెనక్కి వెళ్లాలి. పర్యాటకుడికి అదో సరదా. ఆస్పత్రి పని మీద ఇన్వర్నెస్‌కు రెండు మూడు గంటలు ప్రయాణించే ముసలివాళ్లకు, అంబులెన్సు డ్రైవరుకు, డెలివరీ కుర్రాడికి కాదు. కరోనా ఆంక్షలు సడలిన 2020 వేసవిలో విదేశాలకు వెళ్లలేని బ్రిటన్ జనమంతా ఇటే వచ్చారు. రోడ్డు వారన చెత్త, మలమూత్రాలు, ఆరని నెగళ్లు స్థానిక పత్రికలకు రోజువారీ వార్తలయ్యాయి. ఆ తర్వాతే కౌన్సిల్ ప్రత్యేకంగా రేంజర్లను నియమించింది.

ఇక్కడ చట్టం మీద ఒక అపోహ ఉంది. స్కాట్లాండ్‌లో ఎవరి భూమిలోనైనా బాధ్యతగా నడవడానికి, గుడారం వేసుకోవడానికి 2003 చట్టం హక్కు ఇచ్చింది. ఇంగ్లండ్‌లో ఇంత విశాలమైన హక్కు లేదు. కానీ ఇది మోటారు వాహనాలకు వర్తించదు. వ్యాను ఎక్కడ పడితే అక్కడ ఆపి పడుకునే స్వేచ్ఛ ఎవరూ ఇవ్వలేదు.

అసలు తగాదా డబ్బు దగ్గర. హోటళ్లు, సారా బట్టీలు, కెఫేలు పచ్చగా ఉన్నాయి. చలికాలంలో మూతపడే దుకాణాలు కొన్ని ఏడాదంతా నడుస్తున్నాయి. ఈ మేలును ఎవరూ కాదనరు. కానీ రోడ్డు గుంతలు పూడ్చాల్సింది, మరుగుదొడ్లు నడపాల్సింది హైలాండ్ కౌన్సిల్. ఆరున్నర వేల కి.మీ. పైగా రోడ్ల బాధ్యత ఆ కొద్దిపాటి జనాభా పన్నుల మీద ఉంది. పెద్ద సూపర్ మార్కెట్లో సరుకులు నింపుకుని, రోడ్డు పక్కన పడుకుని, నాలుగు రోజుల్లో చుట్టి వెళ్లిపోయే వ్యాను వల్ల ఊరికి ఒరిగేదేమిటని స్థానికుల ప్రశ్న. బస చేసేవారి మీద పన్ను వేసే అధికారాన్ని స్కాట్లాండ్ పార్లమెంటు 2024లో స్థానిక కౌన్సిళ్లకు ఇచ్చింది. కానీ డబ్బిచ్చి గదిలో దిగినవారి మీదే అది పడుతుంది, పుణ్యానికి రోడ్డు పక్కన పడుకునేవారి మీద కాదు. అదే ఏడాది కౌన్సిల్ వారానికి 40 పౌండ్ల క్యాంపర్ వ్యాన్ పాసు తెచ్చింది. అది స్వచ్ఛందం. తమ పొట్ట కొట్టే పోటీ అని క్యాంప్‌సైట్ల యజమానులే దాన్ని తప్పుపట్టారు.

ఇంకా లోతైన సమస్య ఇళ్లది. ఊళ్లో ఖాళీ అయిన ఇల్లు పర్యాటకుల అద్దెకో, దక్షిణాది ధనికుల సెలవు విడిదికో పోతే, హోటల్లో పనిచేసే కుర్రకారుకు ఉండే చోటు దొరకదు. పనివాళ్లు లేక హోటల్ తలుపులు మూసుకుంటుంది. పిల్లలు లేక బడి మూతపడుతుంది. ఒకప్పుడు గొర్రెల కోసం ఖాళీ అయిన ఊళ్లు ఇప్పుడు దృశ్యం కోసం ఖాళీ అవుతున్నాయన్న మాట అక్కడ తరచూ వినిపిస్తుంది. పోలిక అతిశయోక్తే. ఇప్పుడెవరూ కప్పులకు నిప్పు పెట్టడం లేదు. కానీ తాతముత్తాతల నుంచి ఆ జ్ఞాపకం మోస్తున్న వారికి అది అతిశయోక్తిగా తోచదు.

యాపిల్‌క్రాస్ ఎదుట కనిపించే రాసే దీవి కథ ఈ సందర్భంలో చెప్పుకోదగ్గది. దీవి ఉత్తర కొసన ఉన్న తమ ఊరికి రోడ్డు వేయమని కేలమ్ మెక్‌లియాడ్ అనే క్రాఫ్టర్, అతని ఇరుగుపొరుగు ఏళ్ల తరబడి అధికారులను అడిగారు. వేయలేదు. 1960ల మధ్యలో ఆయనే గునపం, పార, చక్రాల బండి తీసుకుని మొదలుపెట్టారు. దాదాపు పదేళ్లు శ్రమించి పావుతక్కువ రెండు మైళ్ల రోడ్డు వేశారు. బీహార్‌లో కొండను తొలిచిన దశరథ్ మాంఝీ 22 ఏళ్ల పట్టుదలకు సమకాలిక కథ ఇది. 1980లలో అధికారులు దానికి తారు పోసేనాటికి ఆ ఊళ్లో మిగిలింది ఆయన, ఆయన భార్య. అడిగినప్పుడు రాని రోడ్డు, జనం వెళ్లిపోయాక వచ్చింది. ఇప్పుడు అదీ ఒక పర్యాటక ఆకర్షణే.

వెళ్లాలనుకునేవారికి

ఇవన్నీ తెలిశాక వెళ్లొద్దని కాదు. వెళ్లే తీరు మార్చుకోమనే అక్కడివారూ అంటున్నది. భారతీయులకు ఎడమ వైపు నడపడం అలవాటే. మన లైసెన్సుతో బ్రిటన్‌లో 12 నెలల దాకా కారు నడపొచ్చు. అయితే కారు అద్దెకిచ్చే కంపెనీల వయోపరిమితి, ఇతర షరతులు ముందే చూసుకోవాలి. అలవాటైన ఎడమ వైపే ప్రమాదకరమైన ధీమానూ ఇస్తుంది. 2022 ఆగస్టులో స్కాట్లాండ్ పడమటి తీరంలోని ఎ-828 రోడ్డు మీద కారు, లారీ ఢీకొని ముగ్గురు భారతీయులు చనిపోయారు. వారిలో హైదరాబాద్ యువకులూ ఉన్నారు. 2024 ఏప్రిల్‌లో పర్త్‌షైర్‌లోని లిన్ ఆఫ్ టమెల్ జలపాతం దగ్గర నీట మునిగి ఇద్దరు ఆంధ్ర విద్యార్థులు మరణించారు. సెలవు దొరికితే కారు అద్దెకు తీసుకుని నలుగురు కలిసి ఉత్తరానికి బయల్దేరడం బ్రిటన్‌లోని తెలుగు విద్యార్థులకు మామూలైన ఈ కాలంలో, ఈ రెండు సంఘటనలు మరవదగినవి కావు.

ఈ రోడ్ల మీద గంటకు 60 మైళ్ల పరిమితి కనిపించినా, అది గరిష్ఠం మాత్రమే. మలుపు అవతల గొర్రెలో, జింకలో ఉండొచ్చు. మద్యం పరిమితి విషయంలో 2014 నుంచి స్కాట్లాండ్ కఠినంగా ఉంది. 100 మి.లీ. రక్తంలో 50 మి.గ్రా. మించకూడదు. పెట్రోలు బంకులు దూరం దూరం. సగం ట్యాంకు కాగానే నింపుకోవడం మేలు. జూన్‌లో రాత్రి పది దాటాక కూడా వెలుతురు ఉంటుంది కానీ, నుసుముల్లాంటి మిడ్జ్‌లు తినేస్తాయి. మే నెల తొలి రోజులు, సెప్టెంబరు చివర ఉత్తమం. నాలుగు రోజుల్లో చుట్టేయడం కన్నా ఒకే ఊళ్లో మూడు రాత్రులు బస చేయడం ఊరికీ, యాత్రికుడికీ లాభం. బెట్టీహిల్‌లోని పాత చర్చిలో స్ట్రాత్‌నేవర్ మ్యూజియం ఉంది. సెల్లర్ కథ అక్కడ విన్నాక ఆ లోయ ఇదివరకటిలా కనిపించదు.

పేరు పెట్టడం తేలిక. పేరు తెచ్చే జనాన్ని మోయడానికి రోడ్డు, మరుగుదొడ్డి, ఇల్లు, వాటికి డబ్బు ముందే చూసుకోవాలి. ఘాట్ రోడ్లకు, తీర రహదారులకు కొత్త పేర్లు పెట్టి ప్రచారం చేయాలని ఉబలాటపడే ప్రభుత్వాలన్నిటికీ ఇది పాఠమే. యాత్రికుడికి కావలసిన పాఠం ఇంకా చిన్నది. పాసింగ్ ప్లేస్ బోర్డు దగ్గర అది రాసే ఉంది. ఎదుటివారికి దారి ఇవ్వాలి. వాళ్లు ఇంటికి వెళుతున్నారు.